మేజోళ్లును లేసులును: మరల చేతికి వచ్చిన యొక పని



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పత్తికి తగులు తెగుళ్లను గూర్చియో, చెరువుల పూడికను గూర్చియో చెప్పక, మేజోళ్లు అల్లుటయు లేసులు అల్లుటయు మాకేల యని అడుగవచ్చును. ఇది ఆడువారి పని గదా యనియు అనవచ్చును. కాని ఇంటిలో ఏది పని, ఏది ఊరక ప్రొద్దుపుచ్చుట అను తీర్పు పెద్దల నోటనుండియే వెలువడుచుండును. అందుచేత ఈ మాట మీతోనే చెప్పదలచినాను.

ఏబది యేండ్ల క్రిందట మన వరంగల్లు, హనుమకొండ ప్రాంతములందు కొంచెము కలిగిన యింటికి పోయినచో రేడియోపెట్టెపై నొక లేసుగుడ్డ పరచియుండెడిది. తలగడ గలేబుల అంచులకు లేసు, గుమ్మమునకు ఊలు తోరణము, గోడపై అద్దపు చట్రములో అల్లికపూలు కనబడుచుండెడివి. బడులలో ఆడపిల్లలకు కుట్టుపనితోబాటు ఈ పనియు నేర్పెడివారు. పెండ్లినాటికి నాలుగైన అల్లి పెట్టెలో పెట్టుకొనుట ఆ పిల్లలకొక ముచ్చట. తరువాత బజారులో ప్లాస్టిక్కు గుడ్డలు చవుకగా వచ్చినవి. రేడియోపెట్టె పోయినది, దానిపై గుడ్డయు పోయినది. సూదులు మాత్రము పాత పెట్టెల అడుగున ఉండిపోయినవి. ఇప్పుడా సూదులు మరల పైకి వచ్చుచున్నవి. సెల్‌ఫోనులో బొమ్మలు చూచి, "అమ్మమ్మా, ఇది నీకు వచ్చునా?" యని మనుమరాండ్రు అడుగుచున్నారు. అమ్మమ్మకు వచ్చును. పేరు మరచినను వ్రేళ్లు మరువవు.

అల్లికలు రెండు విధములు. మేజోళ్లు, స్వెట్టర్లు అల్లునది నిడుపాటి సూదులతోడి పని. ఇందులో వరుస ఉచ్చులన్నియు సూదిపైననే నిలిచియుండును. సూది జారినచో ఉచ్చులు విడిపోవును గనుక సగములో విడిచి లేచుటకు కొంత జాగ్రత్త వలయును. లేసు అల్లునది కొనకు కొక్కెముగల యొకే సూది. దానిపై నిలుచునది సాధారణముగా ఒక్క ఉచ్చే. పొయ్యిమీద అన్నము పొంగినను, వాకిట గేదె అరచినను, ఆ యొక్క ఉచ్చును కొంచెము సాగదీసి విడిచి పోవచ్చును. మరల వచ్చి అక్కడినుండియే సాగింపవచ్చును. ఇంటిపనిలో పదిమారులు లేవవలసిన స్త్రీకి ఈ సూది యెందుకు చేరువయైనదో దీనివలననే తెలియగలదు.

మేజోడు చూచుటకు చిన్నదే గాని అందులో గణితమున్నది. సన్నని ఊలుతో పెద్దవారి కాలికి అరువది ఉచ్చులు పట్టునని అనుకొందము. వానిని మూడు సూదులకు పంచి, నాలుగవ సూదితో చుట్టును అల్లుకొనిపోయినచో పిక్కకు సరిపడు గొట్టము వచ్చును. ఇంతవరకు చిక్కు లేదు. కాని కాలు గొట్టమువలె తిన్నగా నుండదు. మడమయొద్ద మలుపు తిరుగును. అచ్చట అరువదిలో ముప్పదింటిని మాత్రము తీసికొని ముందునకు వెనుకకు అల్లి యొక పట్టీ చేయుదురు. పిదప ఆ పట్టీ నడిమి ఉచ్చులను మాత్రము అల్లుచు, ప్రతి వరుసచివర ప్రక్క ఉచ్చును కలుపుకొని తగ్గించుచు వత్తురు. అంతవరకు చదునుగా పోవుచున్న అల్లిక చేతిలోనే గిన్నెవలె గుంటపడును. అదియే మడమ. తరువాత పట్టీ యంచులనుండి క్రొత్త ఉచ్చులు లేవదీసి, మరల చుట్టును అల్లి, వ్రేళ్లయొద్ద తగ్గించి ముగింతురు. కత్తిరింపు లేదు, అతుకు లేదు. మడమ మొదటిసారి తిరిగిననాడు అల్లువారి ముఖమును చూచినచో, దీనిని ప్రొద్దుపుచ్చుట యనుటకు మీకు నోరు రాదు.

మన ఎండలదేశమున మేజోళ్లేలయని అందురా? పుష్యమాసపు తెల్లవారుజామున మీ పాదములనే అడిగి చూడుడు. చెప్పులకు మేజోళ్లు పనికిరావనుటయు సరికాదు. ఈజిప్టు దేశమున త్రవ్వకములలో దొరికిన, క్రీస్తుశకము మూడు నాలుగవ శతాబ్దులనాటి ఊలు మేజోళ్లు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. అవి ఒంటిసూదితో ముడివేసినవి. బొటనవ్రేలికి వేరుగా గూడు విడిచిపెట్టి, చెప్పుతో తొడుగుకొనుటకే వానిని చేసినారు. ఆ తీరు మన కాళ్లకు చక్కగా సరిపోవును.

నూలు, ఉన్ని మనకు క్రొత్తవి కావు. కురుమల యిండ్లలో స్త్రీలు ఉన్ని వడకగా పురుషులు గుంటమగ్గముపై గొంగడి నేయుట మీరెరిగినదే. దక్కను గొఱ్ఱెల ఆ నల్లని ఉన్ని వానకు ఎండకు ఓర్చును గాని పసికందు పాదమునకు గరుకు. పిల్లలకు మెత్తని ఊలుగాని నూలుదారముగాని మేలు. లేసునకు నూలుదారమే వాడుక. మన ఏనుమాముల మార్కెట్టులో బండ్లకొలది అమ్ముడుపోవు పత్తియు ఎచ్చటనో మిల్లులలో దారమై, ఉండలుగా మరల మన బజారునకే వచ్చుచుండవచ్చును.

ఇక అసలు సంగతికి వత్తును. మేజోళ్లల్లు యంత్రమును ఇంగ్లండులో విలియం లీ అను మతగురువు 1589లోనే కల్పించెను. బీదల చేతిపని పోవునని యెలిజబెత్తు రాణి దానికి హక్కుపత్రము నిరాకరించెనని కథ. ఎవరు కాదన్నను యంత్రము నిలిచినది; నేడు మనము కొను మేజోళ్లన్నియు ఇంచుమించు దాని సంతతి పనియే. కొక్కెపుసూది పని యట్లు కాదు. దానిని పోలిన గుడ్డను నేయు యంత్రములున్నవి గాని, ఆ అల్లికను ఉన్నదున్నట్లు చేసి బజారును నింపు యంత్రము నేటివరకు రాలేదు. కావున నిజమైన అల్లికలేసు మీకు ఏ దుకాణములో ఎంత చవుకగా దొరకినను, దానిని ఎవరో యొకరు చేతితోనే అల్లియుందురు. చవుక యెక్కడినుండి వచ్చినదో మనము ఆలోచింపవలెను.

ఐర్లండు దేశమున 1845 మొదలుకొని ఆలుగడ్డ పంట తెగులుచే నశించి ఘోరమైన కరవు వచ్చినప్పుడు, అచ్చటి స్త్రీలు లేసు అల్లి కుటుంబములను నిలుపుకొనిరి. ఇంచుమించు ఆ కాలముననే, 1844 ప్రాంతమున, స్కాట్లండు మిషనరీలు గోదావరి తీరమున మన తెలుగు స్త్రీలకు ఈ పని నేర్పిరని చెప్పుదురు. భద్రాచలము చేరువనున్న దుమ్ముగూడెమునందును ఆ పని నెలకొన్నది. నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములందు అది పెద్ద వ్యాపారమై విదేశములకు ఎగుమతి యైనది. వ్యాపారి మనిషి దారమును ఇంటికి తెచ్చి యిచ్చును. అల్లినదానిని లెక్కచూచి తీసికొనిపోవును. గడప దాటుట మర్యాద కాదని భావించిన కుటుంబములలోని స్త్రీలకు ఇది అనుకూలముగా తోచినది.

ఆ స్త్రీలను గూర్చి జర్మను దేశపు విదుషి మరియా మీస్ 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె కనిపెట్టిన విషయము మన ఇండ్లలోనికి సూటిగా వచ్చును. వంటయు, పిల్లల పోషణయు చూచుకొనుచు గంటలకొలది అల్లుచున్న ఆ స్త్రీలను ఎవరును పనివారిగా లెక్కింపలేదు. వారు గృహిణులు; ఇంట కూర్చుండి తీరిక వేళను అల్లుచున్నారు, అని లోకము భావించినది. తీరిక వేళకు కూలి యేమి? కనుక పైకము మిక్కిలి తక్కువ. లాభము వ్యాపారమునకు పోయినది. వ్యాపారి యొక్కడే ఈ ధర కట్టెనని నేననుకొనను. "మా కోడలు ఊరకనే కూర్చుండి అల్లుచున్నది" యని ఇంటి అరుగుమీద పెద్దలు అన్న మాటనే అతడు రూపాయలలోనికి మార్చెను.

2024లో నర్సాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందే, 2018లో, మన వరంగల్లు దరీలకు అట్టి గుర్తింపు వచ్చినది. ఇది సంతోషింపదగినదే. ఇతరులు ఆ పేరు పెట్టుకొనకుండ కాపాడును. అల్లు చేతికి గంటకెంత యను ప్రశ్నకు మాత్రము ఆ పత్రము సమాధానము చెప్పదు. కావున మీ గ్రామమునకు ఎవరైన దారము తెచ్చి అల్లికపని యిత్తుమన్నచో, ఒప్పుకొనుటకు ముందు ఒక్క గుడ్డను గడియారము చూచుకొని అల్లింపుడు. ఎన్ని గంటలు పట్టెనో చూచి, పత్తి యేరుటకు పోయిన దినమున వచ్చు కూలితో పోల్చుడు. ఈ లెక్క చేయుటకు చదువుకొన్న పెద్దలు ప్రతి యూరనున్నారు.

అమ్మకమునకు కాక ప్రీతిచేత అల్లినదానికి వేరొక న్యాయము కలదు. బిడ్డను తొట్టెలలో వేయునాడు ఒక కుళ్లాయియు, జత మేజోళ్లును అల్లి తెచ్చినవారిని చూచియుందురు. ఆ మేజోళ్లు మూడు నెలలలో చిన్నవైపోవును. అయినను తల్లి వానిని పారవేయదు. పెండ్లిలో చదివింపులు చదువునప్పుడు నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు బిగ్గరగా వినబడును. మేనత్త అల్లి తెచ్చిన బల్లగుడ్డ మాత్రము సంచిలోనే మిగిలిపోవును, దానికి అంకె లేదు గనుక. నా సలహా యొకటి: చదువువారు మీరే గనుక, "ఫలానా వారు, చేతి అల్లిక బల్లగుడ్డ, నెల దినముల పని" యని చదువుడు. నవ్వువారు నవ్వనిండు. మేనత్త నవ్వదు.

మగవారికి ఈ పని తగదను మాటకు ఆధారము నాకు కనబడదు. కొత్తవాడలో మగ్గముపై దరీ నేయు పురుషుల నెవరైన పరిహసించినారా? ఫ్రాన్సు దేశపు లాండు ప్రాంతమున గొఱ్ఱెల కాపరులు బురదనేలలో పొడుగుకఱ్ఱలపై నిలుచుండి, మందను చూచుకొనుచునే మేజోళ్లు అల్లెడివారు. అరుగుమీద కూర్చుండు మనకు ఆ కష్టము గూడ లేదు.

ప్రారంభించువారు కొక్కెపుసూదితోనే ప్రారంభింపుడు. లావు దారము, లావు సూది తీసికొని, ముందు గొలుసు మాత్రము వేయుడు. గొలుసు సమముగా వచ్చినపిదప చేతిరుమాలు అంచునకు చిన్న లేసు పట్టవచ్చును. మేజోళ్ల జోలికి ఆ తరువాత పోవచ్చును. అదియు పసిపిల్లల కొలతతో మొదలుపెట్టినచో రెండు మూడు దినములలో జత ముగియును. నల్ల దారము వలదు, ఉచ్చులు కంటికి ఆనవు. దీపపు వెలుతురుకంటె మధ్యాహ్న భోజనమైన పిమ్మట వసారాలో పడు వెలుతురు మేలు. లెక్కించుచున్న మనిషిని మాత్రము ఆ వరుస ముగియువరకు పలుకరింపకుడు.

సెలవు.