ఒకే కొబ్బరి చెట్టు మీద రెండు పద్ధతులు
(పలాసలో చేసిన స్మారకోపన్యాసం)

ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా జంతుశాస్త్రం చెప్పారు. అందుకని పొగడ్తలు పక్కనపెట్టి పురుగుల గురించే మాట్లాడతాను.

మన ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి పెంచేవారికి మూడు పురుగులతో బాగా పరిచయం ఉంది. మొవ్వు కొరికేది కొమ్ము పురుగు. మాను లోపల తొలిచేది ఎర్ర ముక్కు పురుగు. ఆకు గీకి తినేది నల్లముట్టె పురుగు. మొదటి రెండూ పెంకు పురుగులు. పెంకు పురుగుల్లో చాలావాటికి మగదానిలోనే జత కలవని క్రోమోజోములు ఉంటాయి: పెద్ద ఎక్స్, మరీ చిన్న వై. కణ విభజన వేళ ఆ చిన్నది పెద్దదాని కింద పారాచూట్‌కు వేలాడే మనిషిలా కనిపిస్తుంది. నల్లముట్టె పురుగు పెరిగితే రెక్కల పురుగు, అంటే సీతాకోకచిలుకల చుట్టం. అక్కడ వ్యవహారం తలకిందులు. జెడ్, డబ్ల్యూ అనే రెండు వేర్వేరు క్రోమోజోములు ఉండేది ఆడదానికి. ఒకే చెట్టు మీద రెండు పద్ధతులు నడుస్తున్నాయన్నమాట.

వై గానీ డబ్ల్యూ గానీ తన జతకు భిన్నంగా ఎందుకు మారుతుంది? మామూలు క్రోమోజోములు తరతరానికీ తమ జతతో ముక్కలు మార్చుకుంటాయి. లింగాన్ని నిర్ణయించే జన్యువు ఒకచోట స్థిరపడ్డాక ఆ మార్పిడి ఆగిపోతుంది. దాంతో చెడిన జన్యువులు బాగుపడవు, ఒక్కొక్కటే రాలిపోతాయి. తమను తాము నకలు చేసుకుంటూ తిరిగే డీఎన్‌ఏ ముక్కలు మాత్రం అక్కడ చేరి పెరుగుతాయి.

ఇలా పదేపదే వచ్చే వరుసలు, అంటే పునరావృత్తులు, లింగ క్రోమోజోముల్లోనే ఉంటాయనుకోకండి. జీడిపప్పు నిల్వల్లో కనిపించే ఎర్ర పిండి పురుగునే చూడండి. దాని డీఎన్‌ఏలో దాదాపు ఆరో వంతు, సుమారు 360 అక్షరాల ఒకే వరుస దాదాపు లక్ష సార్లు తిరిగి రావడమేనని 1990లలో లెక్క కట్టారు.

హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. పట్టెల కట్లపాము డబ్ల్యూ క్రోమోజోములో పదేపదే వచ్చే వరుసలను శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం 1980లో వెల్లడించింది. తర్వాత ఆయన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో చేసిన డీఎన్‌ఏ వేలిముద్రల పనికి అవే ఆధారమయ్యాయి. అదే నగరంలో, సీడీఎఫ్‌డీ అనే మరో పరిశోధన సంస్థలో, జె. నాగరాజు పట్టుపురుగు మీద పనిచేశారు. ఆ పట్టుపురుగు డబ్ల్యూ దాదాపు మొత్తం పునరావృత్తులే, ప్రొటీన్ తయారుచేసే జన్యువు దాని మీద ఒక్కటీ దొరకని రోజులవి. 2014లో టోక్యో శాస్త్రవేత్తలు ఆ పునరావృత్తుల గుంపులోంచే 'ఫెమ్' అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ పుడుతోందని చూపించారు. అది జెడ్ మీది 'మాస్క్' అనే జన్యువు నోరు మూయిస్తుంది. మాస్క్ పలికితే మగది, పలకకపోతే ఆడది. చెత్త అని కొట్టిపారేసిన చోటే తీర్పు రాసి ఉంది.

ఈ రెండు పద్ధతుల మాట వచ్చాక జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌ను తలుచుకోకుండా ఉండలేను. రెండు జాతుల సంకరంలో పిల్లల్లో ఒక లింగం పుట్టకపోయినా, అరుదైనా, గొడ్డు పోయినా, అది వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగమే అయి ఉంటుందని 1922లో ఆయన అన్నారు. ఈగల్లో దెబ్బ తగిలేది మగవాటికి, సీతాకోకచిలుకల్లో ఆడవాటికి. ఆయన 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆ రెండు ఊళ్ల మధ్య రైలు దారిలోనే మన పలాస ఉంది.

అయితే ఫెమ్ కథ విని డబ్ల్యూకు గుడి కట్టనక్కర్లేదు. ఆముదపు ఆకు తినే ఎరి పట్టుపురుగులో డబ్ల్యూ అసలే లేదు. ఆడదానికి ఒక జెడ్, మగదానికి రెండు, అంతే. అయినా ఆడవి నిక్షేపంగా పుడుతున్నాయి. పునరావృత్త డీఎన్‌ఏ పనికిరాదనడం ఎంత తొందరపాటో, అది లేనిదే పని జరగదనడమూ అంతే. ఏ పురుగు సంగతి ఆ పురుగులోనే చూడాలి.

అందుకే పలాస, టెక్కలి కళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపం. తోటల్లో ఎర బుట్టలకు ఎర్ర ముక్కు పురుగులు ఎన్నో పడతాయి, అన్నిటినీ చంపి పారేస్తాం. బతికున్నవి నాలుగు ప్రయోగశాలకు తెప్పించండి. ముక్కు మీద వెంట్రుకల కుచ్చు ఉన్నది మగది. దాని వృషణాన్ని ఎసిటో ఆర్సీన్ రంగులో నలిపి మంచి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ చిన్న వై ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి.