బర్మా టేకు: అసలు చెడని కోత



పాత మండువా లోగిళ్ల స్తంభములను, ద్వారబంధములను జూపి, “ఇది బర్మా టేకు” అని గృహస్థులు గర్వముతో చెప్పుకొనుట మనమందఱమును విని యున్నాము. ఆ కఱ్ఱ యే యడవినుండి, యేరీతిగా వచ్చెనో విచారించువారు మాత్ర మరుదు. ఆ సంగతినే నేడు మనవి చేయదలచితిమి.

1826లో తెనస్సెరిము తీరము ఆంగ్లేయుల వశమయ్యెను. మౌల్మీను రేవునకు అందుబాటులోనున్న టేకు వనములను వర్తకులు అడ్డులేక నఱికిరి. 1852లో పెగూయు వారిచేత జిక్కెను. దానికి నా గతియే పట్టకుండుటకై 1856లో బ్రాండిస్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుని అధికారిగా నియమించిరి. ఆయన యేనుగు నెక్కి యడవులు తిరుగుచు, వెదురుముక్కలపై గాట్లు పెట్టి, చుట్టుకొలతలనుబట్టి చెట్లను లెక్కించెను. ఏటేట నెన్ని చెట్లు ముదురునో అన్నిటినే కొట్టవలెనని విధించెను. అసలు చెడకుండ వడ్డి ననుభవించుట యనగా నిదియే. పిమ్మట నీ పద్ధతి 30 ఏండ్ల వంతుగా స్థిరపడెను: అడవిని 30 భాగములు చేసి, యేడాదికొక భాగమున, నిర్ణీతమైన చుట్టుకొలత గల చెట్లను మాత్రమే యేరి కొట్టుట.

పచ్చి టేకు నీట తేలదు. కావున మొదట బెరడును, తెల్లకఱ్ఱను చేవవఱకు చుట్టును నఱికి, చెట్టును నిలువుననే రెండు మూడేండ్లు ఎండనిచ్చెడివారు. పిదప పడగొట్టి, దూలములను ఏనుగులచే వాగునకు ఈడ్పించెడివారు. వానకాలపు వెల్లువ వానిని నదికి జేర్చగా, తెప్పలు గట్టి ఐరావతిపై రంగూనునకు దింపెడివారు. ఏనుగునకు విశాలమైన బాట యక్కఱలేదు. లేతమొక్కలకు హానియు స్వల్పమే.

ఇంత మంచి నియమ ముండగా అడవి యేల తరిగెను? ఖజానాకు ధనము కావలసినప్పుడెల్ల, స్వతంత్ర బర్మా పాలకులును లెక్కకు మించి కొట్టించిరి. వంతు రాకమునుపే అదే భాగమున మరల గొడ్డలి పడెను. లారీబాటల వెంట దొంగకోత ప్రవేశించెను. 2014లో ముడిదూలముల యెగుమతిని నిషేధించిరి. 2016లో దేశమంతట ఒక యేడాదియు, పెగూ కొండలలో పదియేండ్లును కోత నాపుట కుత్తరువైనది. 2021లో సైన్యము అధికారము నాక్రమించిన పిమ్మట, అమెరికాయు, ఐరోపా సమాఖ్యయు ఆ ప్రభుత్వపు కలప సంస్థపై ఆంక్షలు విధించినవి.

అయినను కొనువాడున్నంతకాలము దొంగదూలమునకు దారి దొరకుచునే యుండును. కావున కలప కొనునప్పుడు అది యెచ్చటిదో, యెవరి యనుమతితో కొట్టినదో వర్తకుని నిలదీసి యడుగుడు. సమాధానము చెప్పలేనివానియొద్ద కొనకుడు. కూల్చిన పాత యిండ్ల కఱ్ఱ దొరకినచో దానినే మరల వాడుడు. నూఱేండ్లకు ముదిరిన చెట్టు మన తొందరకు మరల మొలకెత్తి పెరుగదని మఱవకుందుము గాక!