సైన్యాధికారి కాగోరువాడు ఏమి చదువవలయును?

ఈ పఠనమందిరమునకు వచ్చు తండ్రులు తరచుగ మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. "మావాడు సైన్యములో అధికారి కావలయునని పట్టుబట్టినాడు. ఏ డిగ్రీలో చేర్పింపుమందురు?" అని. ఈ ప్రశ్న రెండేండ్లు ఆలస్యముగ వచ్చుచున్నదని మా యభిప్రాయము. అసలు ద్వారము డిగ్రీయొద్ద లేదు. ఇంటర్మీడియెట్ చేరునాడు గ్రూపు పేరు వ్రాసియిచ్చు కాగితమునొద్ద నున్నది.

ఎట్లన, హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానిక విద్యాలయమునకు పోగోరువాడు ఏ డిగ్రీయైనను చదువవచ్చును గాని, ఇంటర్మీడియెట్‌లో గణితమును భౌతికశాస్త్రమును చదివియుండవలయును. లేదా ఇంజనీరింగు పట్టభద్రుడై యుండవలయును. డిగ్రీ పిమ్మట ఎజిమల నౌకా విద్యాలయమునకు పోవలెనన్నచో ఇంజనీరింగే కావలయును. పదునారేండ్ల ప్రాయమున లెక్కలకు జడిసి వేఱు గ్రూపు పట్టినవానికి ఆకాశమును సముద్రమును చాలవరకు దూరమైనట్లే. ఈ మాట ఆనాడు వానికి చెప్పువా రుండరు.

భూసైన్యము మాట వేఱు. డెహ్రాడూనుకుగాని, చెన్నపట్టణములోని శిక్షణాలయమునకుగాని, గుర్తింపుగల విశ్వవిద్యాలయపు డిగ్రీ యేదైనను చాలును. బి.ఏ. చరిత్ర చదివినవాడును బి.కాం. చదివినవాడును సమానులే. డెహ్రాడూను పరీక్షలో ఆంగ్లము, సామాన్యజ్ఞానము, ప్రాథమిక గణితము ఒక్కొక్కటి 100 మార్కులు. ఆ గణితము పదవ తరగతి స్థాయిది. చెన్నపట్టణమునకు గణితపత్రమే లేదు. ఇంటర్వ్యూకు వ్రాతపరీక్షకు ఎన్ని మార్కులో అన్నియే. డిగ్రీ పేరునకు మాత్రము మార్కొక్కటియు లేదు.

ఇంటర్మీడియెట్‌తోనే ఖడక్‌వాస్లాకు పోదలచినవా రొక సంగతి గమనింపవలయును. భూసైన్యమునకు ఏ గ్రూపువారైనను అర్హులే యని చదివి సంతసింతురు; కాని అందఱును వ్రాయవలసిన గణితపత్రమునకు 300 మార్కులు. అర్హత వేఱు, నెగ్గుట వేఱు. 2022 నుండి ఆ ద్వారము బాలికలకును తెఱచినారు. 2025 మే నెలలో మొదటి జట్టుగా 17 గురు యువతు లచ్చట శిక్షణ ముగించి వెలువడిరి. కావున ఆడపిల్లకు గ్రూపు నిర్ణయించునప్పుడును తండ్రులు ఈ లెక్క వేసికొనవలయును.

ఇట్లుండగా మన పట్టణములలో "మిలిటరీకైనను ఇంజనీరింగే మేలు" అను మాట యొకటి వ్యాపించినది. ఇంజనీరింగు పట్టభద్రులకు వ్రాతపరీక్ష లేని ప్రత్యేక ప్రవేశములు కలవు, అది నిజము. యంత్రములందు మక్కువగలవానికి అది రాజమార్గమే. కాని చరిత్రయందు ప్రాణము పెట్టుకొన్న పిల్లవానిని నాలుగేండ్లు సర్క్యూట్ల నడుమ కూర్చుండబెట్టి, వాడు తప్పిన పరీక్షలు తిరిగి వ్రాయుచుండగా వయసు గడచిపోయినచో లాభమెవరికి? డెహ్రాడూనుకు 24, చెన్నపట్టణమునకు 25 ఏండ్లు దాటరాదు.

ఇంతకంటె కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. సెలక్షను బోర్డు పరీక్ష ఐదు దినములు. పెక్కుమంది మొదటి దినముననే యింటికి మరలుదురు. కడవరకు నిలిచినవారిలోను కొందఱు వైద్యపరీక్షలో, కన్ను రంగు గుర్తింపలేదనియో మఱియొకటనియో ఆగిపోవుదురు. అది వారి దోషము కాదు. మేధావి యగు యువకుడును తిరిగి రావచ్చును. అట్లు తిరిగివచ్చినవాని చేతిలో నుండునది ఆ డిగ్రీ యొక్కటే. బోర్డు నిరాకరించినను ఏ చదువుతో వాడు తలయెత్తుకొని బ్రతుకగలడో, ఆ చదువునే యెంచుకొనుట యుక్తమని మేము తలంతుము. బోర్డువారును పట్టాను గాక మనిషిని చూతురు. ఇష్టపడి చదివినవాడు తన విషయమును గూర్చి మూడు నిమిషములు తడబడక మాటాడగలడు. అది శిక్షణకేంద్రమువారు నెల దినములలో కొట్టి పోయగల విద్య కాదు, రుసుము మాత్రము వారు తప్పక పుచ్చుకొందురు.

కళాశాల నెంచుకొనునపుడు భవనములు చూచుటకు ముందు, అచ్చట ఎన్.సి.సి. దళము కలదా యని అడుగుడు. "సి" సర్టిఫికెట్టులో కనీసము "బి" గ్రేడును, డిగ్రీలో నూటికి 50 మార్కులును గలవారికి వ్రాతపరీక్ష లేకయే బోర్డు ముందు నిలుచు ప్రవేశ మొకటి కలదు. దళములో చోట్లు కొద్ది; చేరిన మొదటి వారముననే పేరు వ్రాయింపుడు.