తెల్ల కుందేలు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవ సభలో నేను కావ్యప్రసంగము చేయుదునని మీరు తలచి యుందురు. నేను కుందేటిని గూర్చి మాటలాడ వచ్చితిని. ఇదియు కావ్యములకు దూరమైనది కాదు. చంద్రునకు శశాంకుడను పేరు దీనివలననే కలిగినది. లేని వస్తువునకు దృష్టాంతము కావలసినపుడు తార్కికులు కుందేటికొమ్మునే పేర్కొనిరి. తెల్లని అడవి కుందేలు కూడ కుందేటికొమ్ము వంటిదే యని నేనొకప్పుడు నమ్మితిని. ఆ పొరపాటును మీ యెదుట ఒప్పుకొనుటకే నిలిచితిని.

ఇరువది యేండ్ల క్రిందట పంటల లెక్క వ్రాయుటకై గుట్టక్రింది చెలకలకు పోయితిని. గొర్రెల కాపరియగు ఒక ముసలాయన గడ్డిలో నున్న తెల్ల కుందేటిని చూపి, “అయ్యా, ఇది అడివిదే. దాని ఉరుకుడు చూడుండ్రి” అనెను. “అడివిల తెల్లది యాడుంటది తాతా? ఎవరో సాదుకున్నది తప్పిపోయి వచ్చింది” అంటిని.

అంతవరకు ఊరిలో కొందరు దానిని దేవతకు చెందినదని తలచి తాకక యుండిరి. లెక్కలు వ్రాయువాని మాట గనుక నా మాట ఊరంతయు ప్రాకినది; భయము తీరినది. రెండు దినములకు వేటకుక్కలు దానిని చంపినవి. కళేబరమును నాకు చూపిరి. పొడుగైన చెవులు, పొడుగైన వెనుకకాళ్లు, మెడవెనుక మసకమచ్చ. కన్నులు ఎఱ్ఱనివి కావు, గోధుమవన్నెవి. అది మన గుట్ట కుందేలే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడను నేనైతిని. తాత నన్నొక్క మాటయు అనలేదు.

అటుపిమ్మట పుస్తకములు వెదకి చదివితిని. మన అడవి కుందేటిని శాస్త్రజ్ఞులు లెపస్ నైగ్రికోలిస్ అందురు. నల్లని మెడ గలదని యర్థము. పెంపుడు కుందేలు ఐరోపా జాతి. అది బొరియ త్రవ్వి, బొచ్చులేని, కన్నులు తెరవని పిల్లలను కనును. మనది బొరియ త్రవ్వదు. గడ్డిలో ఒదిగి కూర్చుండును. దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. దాగుటకు గుంతలేని ఆ ప్రాణికి మేనివన్నెయే కోట. తెల్లనిదైనచో గ్రద్దకు, నక్కకు, కుక్కకు దూరమునుండియే కానవచ్చును. అందుచేతనే అట్టివి అరుదు.

ఆ వన్నె యెట్లేర్పడును? ఒక్కొక్క వెండ్రుకలో నలుపు, పసుపు పట్టెలుగా చేరును. దూరమునకు రెండును కలసి ఎండుగడ్డివలె తోచును. పసుపుపట్టె లోపించినచో జంతువు నల్లనగును. రంగును పుట్టించు శక్తియే పూర్తిగా లోపించినచో బొచ్చు తెల్లనై కన్నులు ఎఱ్ఱనగును. బొచ్చునకు మాత్రమే రంగు అందనిచో, నేను చూచినదానివలె తెల్లని మేనిలో మామూలు కన్నులుండును.

గోధుమవన్నె తలిదండ్రులకు ఎఱ్ఱకన్నుల తెల్లపిల్ల యెట్లు పుట్టును? మెండెల్ 1866లో బఠానీ మొక్కలను గూర్చి ప్రకటించిన సూత్రమే దీనికిని సమాధానము. ఇది చిట్టాలో దాగిన పాతబాకీ వంటిది. తల్లినుండియు తండ్రినుండియు రెండు బాకీలును ఒక్క పిల్లకే చేరినపుడు బయటపడును. బాకీ దాచుకొన్న జంటకు పుట్టు పిల్లలలో సగటున నాలుగింట ఒకటి అట్టిది.

దక్షిణ అట్లాంటిక్ సముద్రమందలి ఫాక్లాండ్ దీవులకు ఐరోపావారు కుందేళ్లను తెచ్చి వదలిరి. వానిలోని నల్లవానిని చూచి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేరు జాతియని పేరిడిరి. 1833, 1834లలో అచ్చటికి పోయిన డార్విన్ పశులకాపరుల నడిగెను. వారు నవ్వి, నల్లవియు బూడిదవన్నెవియు ఎప్పుడును కలసియే యుండుననియు, వానికి మచ్చల పిల్లలు పుట్టుననియు చెప్పిరి. డార్విన్ వారి మాటను తన గ్రంథమున కెక్కించెను. ఆయన కాపరి నడిగి వ్రాసెను. నేను కాపరి చెప్పినను వినలేదు.

గ్రంథము గొప్పదే. దానివలననే నా తప్పు నాకు తెలిసినది. కాని చెలకలో తిరుగువాని కన్నును త్రోసిపుచ్చుటకు గ్రంథము మనకు అధికారమీయదు. అందుచే నాదొక మనవి. మన గ్రంథాలయములో ఒక పుస్తకమును తెరచి యుంచవలెను. వింత వన్నె జంతువును, పక్షిని చూచినవారు, చదువు రానివారైనను సరే, వచ్చి చెప్పిన మాటను తేదీతో, చోటుతో అందు వ్రాయవలెను. అడవి కుందేటిని చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరమని ఆ పుస్తకపు మొదటి పుటలో వ్రాయుదము. రెండవ పుటలో ఆ తాత చూపిన తెల్ల కుందేటి పద్దును నా చేతితో నేనే వ్రాసెదను. ఇరువది యేండ్లు ఆలస్యమైనను ఆ లెక్క సరిచేయవలసియున్నది.