మామ కొట్టంల షెర్పా: తుక్కుకు పోవాల్నా, ఉండాల్నా?

పోయిన ఎపిసోడ్‌లో ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్ విప్పినం కదా. ఇయ్యాల పానాలు పక్కన పెట్టిన. ఒక బండి ముచ్చట చెప్పాలె.

మొన్న ఆదివారం కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయిన. ఆ పక్క ఊర్లో మా మేనమామ ఉంటడు. పోయేసరికి వాకిట్లో ట్రాలీ ఆటో, పక్కన తుక్కు కొనేటాయన. ఇద్దరు మనుషులు కొట్టంలకెళ్లి ఒక బండిని బయటికి గుంజుతున్నరు. సీటు మీద కోళ్ల రెట్ట, చక్రాలకు గడ్డి. ట్యాంకు తుడిస్తే ఎన్‌ఫీల్డ్ అని కనిపించింది. ఇంకేంది, బుల్లెట్టే అనుకున్న. కిందికి వంగి చూస్తే పుష్‌రాడ్ గొట్టం లేదు, వాల్వ్ కవర్లు లేవు. టూ స్ట్రోక్! అప్పుడు సమజైంది, ఇది ఎన్‌ఫీల్డ్ షెర్పా.

"మామా, ఎంతకిస్తున్నవ్?"

"నాలుగు వేలంటుండు అల్లుడా. బోరు మోటరు కాలిపాయె. వైండింగ్‌కు కావాలె."

నేను అక్కడనే మామ ఫోన్‌కు 4,000 కొట్టిన. "ఇది అప్పు అనుకో. నాకు నెల రోజులు టైం ఇయ్యి. బండి ఏందో చెప్త, స్టార్ట్ చేసి చూపిస్త. అప్పటికీ అమ్ముతా అంటే నేనే ఎత్తి ఆటోల వేస్త" అన్న. తుక్కు ఆయన నన్ను తిట్టుకుంటనే పోయిండు.

ఇప్పుడు బండి సంగతి. షెర్పా మద్రాసు ఎన్‌ఫీల్డ్ వాళ్లు 1960లలో తీసిన బండి. దాదాపు 175 సీసీ. ఇంజిన్ విలియర్స్ డిజైన్. విలియర్స్ అంటే మన ఊర్లలో ముసలోళ్లకు ఎరుకే, కిరోసిన్ మోటరు పంపుల మీద ఆ పేరుండేది. ఆ పంపులు ఫోర్ స్ట్రోక్, అది వేరే ఇంజిన్. కంపెనీ పేరొక్కటే. ఇంగ్లండ్‌లో వుల్వర్‌హాంప్టన్ అనే ఊర్లో 1898లో సైకిల్ సామాన్లతో మొదలైంది ఆ కంపెనీ. 1956 నాటికి 20 లక్షల ఇంజిన్లు చేసింది.

ఇంత గొప్ప కంపెనీ అయితే విలియర్స్ బైకులు ఎందుకు వినలేదు అంటరా? వాళ్లు ఇంజిన్లు చేసి ఇతరులకు అమ్మేవాళ్లు. కొనేటోళ్లు చిన్న చిన్న షెడ్ల కంపెనీలు: గ్రీవ్స్, డాట్, కాటన్, స్ప్రైట్. ఫ్రేమ్ వీళ్లది, ఇంజిన్ విలియర్స్‌ది. వీళ్ల పేరు నిలబెట్టిన పందెమే ట్రయల్స్.

ట్రయల్స్ అంటే స్పీడు పందెం కాదు, అసలు స్పీడుతో పనే లేదు. నాట్లేసిన పొలం గట్టు మీద, అదీ వానలో, కాలు కింద పెట్టకుండా బండి నడపాలె అనుకోండి. గట్టు తర్వాత వాగు, వాగుల గుండ్లు, ఆ పైన చెట్ల వేర్లు. ఒకసారి కాలు ఆనితే 1 మార్కు పడుతది. ఆగినా, పడినా 5. తక్కువ మార్కులు వచ్చినోడు గెలిచినట్టు. స్కాట్లండ్ కొండల్లో 6 రోజుల ట్రయల్ 1909 నుంచి నడుస్తున్నది.

ఈ ఆటకు తేలిక బండి కావాలె, మెల్లగ పోయినా ఆగిపోకుండా గుంజాలె. చిన్న విలియర్స్ సరిగ్గా కుదిరింది. వాల్వులు లేవు, క్యామ్ లేదు. పిస్టనే పైకి కిందికి పోతూ పోర్టులు తెరుస్తది, మూస్తది. ఫ్లైవీల్‌లోనే మాగ్నెటో, బ్యాటరీ లేకున్నా స్పార్క్ వస్తది.

వీళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి బర్ట్ గ్రీవ్స్. ఆయన దగ్గరి చుట్టం డెర్రీ ప్రెస్టన్-కాబ్‌కు కాళ్లు పనిచేయవు. ఆయన చక్రాల కుర్చీకి గ్రీవ్స్ ఇంజిన్ బిగించిండు. దాంట్లకెళ్లే వికలాంగుల మూడు చక్రాల బండ్ల కంపెనీ పుట్టింది, ఇన్వాకార్ అని. 1950లలో అదే చోట మోటార్‌సైకిళ్లు మొదలుపెట్టిండ్రు. ఫ్రేమ్ ముందు భాగంలో ఇనుప పైపుకు బదులు పోత పోసిన అల్యూమినియం దిమ్మె. గ్రీవ్స్‌ను వంద బండ్లల్ల పెట్టినా ఆ దిమ్మెతోనే గుర్తుపట్టొచ్చు. మాంచెస్టర్ డాట్ కంపెనీ అయితే తన పేరుకు "తిప్పలు లేనిది" అని అర్థం చెప్పుకున్నది. టూ స్ట్రోక్ నడిపిన నాకు నవ్వొస్తది, సరే పోనీ. ఇంకో తమాషా ఏందంటే, అక్కడ బండి పూర్తిగ బిగించింది కొంటే పర్చేజ్ ట్యాక్స్ ఉండె, ముక్కలుగా డబ్బాల కొంటే లేదు. అందుకే ఈ కంపెనీలు కిట్లు అమ్మేవి. ఇంటికి తెచ్చుకొని నువ్వే బిగించుకోవాలె.

మరి ఎట్ల మునిగిండ్రు? సామీ మిల్లర్ అని బెల్ఫాస్ట్ మనిషి, అప్పటికే 500 సీసీ ఏరియల్ మీద గెలుస్తుండె. ఆయన స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు పోయి, వాళ్లతో కలిసి 250 సీసీ టూ స్ట్రోక్ తయారు చేసిండు. 1965లో స్కాట్లండ్ 6 రోజుల ట్రయల్ దాని మీద గెలిచిండు. విదేశీ బండి అక్కడ గెలుచుడు అదే మొదటిసారి. ఆ బండి పేరేందో ఎరుకేనా? షెర్పా! మన మద్రాసు షెర్పాకు దానికి ఏ చుట్టరికం లేదు, కొండలెక్కేటోళ్ల పేరు ఇద్దరూ పెట్టుకున్నరు, అంతే.

బుల్టాకో దెబ్బ ఒకటి. అసలు దెబ్బ ఇంటిలకెళ్లే వచ్చింది. 1966లో నార్టన్, విలియర్స్ కలిసి ఒక కంపెనీ అయినయ్. కొన్నేండ్లల్ల బయటోళ్లకు ఇంజిన్లు ఇచ్చుడు బందయింది. ఫ్రేమ్ మీద ఎంత పనితనం ఉంటే ఏం లాభం? గుండెకాయ వేరేటోని చేతుల ఉండె. అందుకే ఆ బండ్లు అరుదు. తక్కువ చేసిండ్రు, చేసినవాటిని గుండ్ల మీద ఎత్తేసిండ్రు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్తున్న. మన షెర్పా ట్రయల్స్ బండి కాదు. అది ఊరి రోడ్డు బండి. ఎవడన్నా పాత షెర్పాకు గంటెల టైర్లేసి, హ్యాండిల్ ఎత్తు చేసి "బ్రిటిష్ ట్రయల్స్ రేర్ పీస్, రెండు లక్షలు" అని పెడితే మోసపోకుండ్రి. ఇంజిన్ వైపు నుంచి చుట్టం, గంతే. కాకపోతే అదే చుట్టరికం మనకు పనికొస్తది. ఇంగ్లండ్‌లో పాత బండ్ల ట్రయల్స్ ఇంకా నడుస్తున్నయ్, కాబట్టి విలియర్స్ స్పేర్లు ఇంకా చేస్తున్నరు. అయితే వెర్నియర్‌తో కొలత తీయకుండ ఆర్డర్ పెట్టకుండ్రి.

ఇంకొకటి, ఏండ్ల తరబడి నిలబడ్డ టూ స్ట్రోక్‌ను చూడంగనే కిక్ కొట్టొద్దు. నేను ప్లగ్ విప్పి, రంధ్రంల నుంచి ఆయిల్ పోసి, 4 రోజులు వదిలేసిన. తర్వాత గేర్ల వేసి వెనక చక్రం మెల్లగ తిప్పిన. మొదట కదల్లే. ఐదో రోజు "టక్" అని కదిలింది. లోపల రింగులు బతికే ఉన్నట్టున్నయ్. నా భయం క్రాంక్ సీల్స్ మీదనే. టూ స్ట్రోక్‌ల పెట్రోల్, గాలి ముందుగాల క్రాంక్‌కేస్‌లకే పోతయ్. సీల్ ఎండిపోతే బయటి గాలి లోపలికి గుంజుకుంటది, పెట్రోల్, దాంతో పాటు ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేస్తది. స్టార్ట్ అయిందని సంబరపడి పది నిమిషాలు నడిపితే బండి ఖతం.

ఇగ కాగితాలు. మామ సందూకలకెళ్లి ఆర్సీ బుక్కు తీసిండు, 1967ది. 50 ఏండ్లు దాటి, అసలు రూపం మార్చని బండికి 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబర్ ప్లేట్ మీద వీఏ అని ఉంటది. మొదటిసారి ఫీజు 20,000, పదేండ్లు చెల్లుతది, తర్వాత 5,000. రోజువారీ తిరుగుడుకు మాత్రం కాదు, ప్రదర్శనలు, ర్యాలీలు అట్లాంటివాటికే. మామ ఫీజు వినంగనే "నాలుగు వేల బండికి ఇరవై వేలా" అన్నడు. తప్పేం లేదు, బోరు ముందు, బండి తర్వాత.

ఆర్సీ తెరిచి చూస్తే పేరు మా తాతది. తాత పోయి చాలా ఏండ్లాయె, పేరు ఎవరూ మార్పించలే. యజమాని చనిపోతే ఫారం 31 పెట్టాలె, మిగతా వారసులు ఒప్పుకోవాలె. అంటే బండి మామ ఒక్కడిది కాదు. ఇద్దరు పెద్దమ్మలు, మామ, మా అమ్మ, నలుగురిది. మామ మొఖం చూడాల్సింది!

రాత్రి అమ్మకు ఫోన్ చేసిన. చాలాసేపు ఏం మాట్లాడలే. "దాని ట్యాంకు మీద కూసొని నిజాంసాగర్ పోయినం, నాయిన వెనక్కి జరగనియ్యకపోవు" అన్నది. మరి సంతకం పెడ్తవా అంటే, "ముందు దాని సప్పుడు ఇనిపియ్యి, తర్వాత చూద్దాం" అని పెట్టేసింది.

వచ్చే ఆదివారం క్రాంక్‌కేస్ విప్పుతున్న. సీల్స్ రాణిగంజ్‌ల దొరుకుతయా లేదా అప్పుడు తెలుస్తది. ఇంకా 19 రోజులున్నయ్. మీ ఇంట్ల షెర్పా ఆర్సీ ఉంటే, ముందుగాల పేరు ఎవరిదో చూసుకోండ్రి. ఉంట మరి.