కణ్మాయికి తగిన పడవ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఎట్టయాపురంలో పడవ కడతామంటే వినేవారికి మొదట నవ్వే వస్తుంది. ఇది వానకు మొహం వాచిన నేల. ఈ సీమ ఎండిపోయి ఉండగా చూచి ముత్తుస్వామి దీక్షితులవారు అమృతవర్షిణి రాగంలో పాడితే వాన కురిసిందని మన పెద్దలు చెప్పుకొంటూ వచ్చినారు. ఆ దీక్షితులవారు 1835లో ఈ ఊళ్ళోనే సిద్ధి పొందినారు. అయినా ఐప్పసి, కార్తీక మాసాలలో ఈశాన్యపు వానలు పడినవంటే మన కణ్మాయిలు నిండుతవి. కొన్ని నెలలు నీరు నిలుస్తుంది, చేప పెరుగుతుంది. ఉగాది వచ్చేసరికి మళ్ళీ నల్ల బురద బయటపడుతుంది. నీరు లేనప్పుడే పడవ సంగతి తీరికగా మాట్లాడుకోవచ్చును.

రెండేండ్ల క్రిందట మేము చేసిన పొరపాటు మీలో చాలమందికి తెలుసు. వెదురు బద్దలతో పుట్టి అల్లి, పైన తార్పాలిను కట్టి, తారు పూసి నీళ్ళలో వదిలినాము. వల బరువుగా తగిలేసరికి కుర్రవాళ్ళిద్దరూ సంతోషంతో ఒకే వైపుకు లేచి నిలబడినారు. పుట్టి బోర్లపడింది. నీటిలోతు నడుముకు మించి లేదు. కాని కాళ్ళు బురదలో దిగబడి, చేతులు వలలో చిక్కుకొంటే నడుము లోతు చాలదా? గట్టుమీదివారు దూకి ఇద్దరినీ లాగినారు. ఆ రాత్రి ఒక తల్లి మమ్ములను అడిగిన మాట మాకు ఇంకా వినబడుతూనే ఉన్నది: “చేప తెమ్మంటిమా, పిల్లోణ్ణి తెమ్మంటిమా?” ఇక కట్టేది ఆలోచించి కట్టవలెనని ఆనాడే నిశ్చయించుకొన్నాము.

పుట్టిని తప్పు పట్టడం మా ఉద్దేశము కాదు. విజయనగరం నాడు ఆనెగొందివద్ద తోలు కప్పిన బుట్టపడవలలో జనం తుంగభద్ర దాటడం పోర్చుగీసువాడైన పేస్ చూచి వ్రాసినాడు. హొగెనకల్లులో పరిసల్ అనే పేరుతో ఈనాటికీ తిరుగుతున్నది. కాని అది గుండ్రన. తెడ్డు వేయడం రానివాని చేతిలో తిరగలివలె తిరుగుతుంది. పైగా మన చెరువుగర్భం నిండా కరువేలపు మోళ్ళు. ఒక్క ముల్లు చాలును.

తెప్ప సంగతి త్వరగా ముగిస్తాము. కట్టుమరమంటే కట్టిన కొయ్యలే. అలల మీద దానికి సాటి లేదు. కణ్మాయిలో వల, చేపలు, మనిషి అన్నీ తడుస్తూ కూర్చోవలెను. మనకు వద్దు.

మా మనసు ఎక్కువగా లాగింది తాటిదోనె. కొల్లేటిలోను, గోదావరి, కృష్ణల లంకలలోను మనవాళ్ళు తాటిమాను మొదలు తొలిచి చేసే దోనె అది. తాటికి పైచేవ ఇనుమువంటిది, లోపలిది మెత్తన, తొలచడం సులభం. మొదటి లావు ముందుభాగమవుతుంది, కోసిన కొనను మూసివేస్తారు. ఒంటిదోనె దొర్లుతుందని రెండింటిని జతకట్టితే సంగడి. స్నేహితుణ్ణి సంగడికాడు అనే భాషలో పుట్టినవారికి ఆ పడవమీద మమకారం ఉండదా? తాళ్ళు మన సీమలోనూ కావలసినన్ని ఉన్నవి. కాని తాడి ఈ రాష్ట్రపు వృక్షము. 2021నుండి దానిని నరకాలంటే కలెక్టరుగారి అనుమతి కావలెను. అనుమతి మాట అటుంచండి, తాత నాటిన చెట్టు మనుమడికి ముంజెలిస్తుంది. అటువంటి దానిని రెండు బుట్టల చేపలకోసం పడగొట్టడానికి మాకు చేయి రాలేదు.

చివరకు అడుగు చదునుగా ఉండే పలక పడవకు వచ్చినాము. ఎనిమిదడుగులు, నాలుగడుగుల మెరైన్ ప్లైవుడ్ షీట్లు రెండు. అడుగుభాగం ఎనిమిది, మూడు అడుగులు. ప్రక్కలు పదిహేను అంగుళాలు, కొద్దిగా బయటికి వాలి ఉండవలెను. ముందు, వెనుక కొంచెము పైకి లేవవలెను. పలకల అంచులకు రంధ్రాలు చేసి రాగితీగతో కుట్టి, పైన ఫైబరు గుడ్డ, జిగురు వేయడమే. ఈ పద్ధతిలోనే 1963లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న పడవ ఇంటింటా తయారైనది. కొత్త విద్య అని మురిసిపోనక్కరలేదు. మన తీరంలో మసూలా పడవలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు.

లెక్క చూడండి. ఇద్దరు మనుషులు, పడవ, వల, చేపలు కలిపి 220 కిలోలనుకొందాము. అడుగు వైశాల్యం సుమారు 2.2 చదరపు మీటర్లు. పడవ నీటిలో దిగేది 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. చివరలు పైకి లేచి ఉన్నందువల్ల ఐదు అనుకోండి. పైన ఇంకా పదంగుళాలు మిగులును. తెడ్డు కంటె వెదురుగడ మేలు. ప్రక్కగాలికి ఈ పడవ కొట్టుకొనిపోతుంది, ఆ లోటు ఒప్పుకొంటాము.

మూతలు బిగించిన ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు పీటల క్రింద కట్టవలెను. పడవ నిండినా అవి ఎనభై కిలోలదాకా తేల్చును. మూడవ మనిషి ఎక్కకూడదు. వల లాగేవాడు కూర్చొనే లాగవలెను, రెండవవాడు ఎదుటి ప్రక్కన ఉండవలెను. ఈత రానివాడు గట్టుమీదనే ఉండవలెను, ఎవరి కొడుకైనా సరే.

పడవ కొలతలు చావడి గచ్చుమీద సుద్దతో గీసి ఉంచినాము. వెళ్ళేటప్పుడు ఇద్దరిద్దరు అందులో కూర్చొని చూడండి. అమ్మలు కూడ కూర్చొని చూచి, చాలునో చాలదో చెప్పండి. షీట్లు ఇంకా కోయలేదు.