అమ్మ తరఫున నేను క్షమించలేను

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసే మీకు ఈ మాట కొత్త కాదు: "ఎంతైనా తండ్రి కదమ్మా, క్షమించెయ్." మగవాడు రెండో సంసారం పెడితే "సర్దుకుపో" అని భార్యకు చెప్పిన పెద్దమనుషులే, పాతికేళ్ల తర్వాత కూతురికి ఈ మాట చెబుతారు. ఈ రోజు నేను పరిశోధకురాలిగా కాక, ఆ మాట విన్న కూతురిగా మాట్లాడతాను.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక ఆదివారం నాన్న నన్ను స్కూటరెక్కించుకుని ఊరి చివర ఒక ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడొక ఆవిడ నాకు జంతికలు పెట్టింది. ఉయ్యాల్లో చంటిపిల్లాడున్నాడు. తిరిగి వస్తూ నాన్న నాకు హీరో పెన్ను కొనిపెట్టి, "అమ్మకు చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు. రెండేళ్లకు సంగతి బయటపడింది. అమ్మ ముందు నాన్ననేమీ అనలేదు. నా వైపు తిరిగి, "నీకూ తెలుసా?" అని అడిగింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు నా కోపమంతా ఆ ఇంటావిడ మీదే. నాన్నకు అప్పటికే పెళ్లయిందన్న సంగతి తాళి కట్టించుకున్నాక గానీ ఆమెకు తెలియలేదని ఆలస్యంగా విన్నాను. పితృస్వామ్యంలో జరిగేదిదే. మోసం చేసినవాడు పక్కకు తప్పుకుంటాడు, ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా మిగులుతారు.

చట్టమూ చాలాకాలం అలాగే ఉంది. 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసే దాకా, ఐపీసీ 497వ సెక్షన్ కింద భార్యతో సంబంధం పెట్టుకున్న పరాయి పురుషుడి మీద భర్త కేసు పెట్టవచ్చు. భర్త మీద భార్య పెట్టడానికి వీల్లేదు. గాయపడిన మనిషిగా ఆమె లెక్కలోకే రాలేదు. అయితే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, భర్తకు మరో సంసారం ఉంటే భార్య విడాకులు తీసుకోకుండానే విడిగా ఉండి మనోవర్తి అడగవచ్చు. ఈ ముక్క మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. కుట్టుమిషను మీద నన్ను చదివించింది.

ఆరేళ్ల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చింది. చుట్టాలు అమ్మ దగ్గరికొచ్చి, "పోయేవాడి మీద పంతమేమిటి? పక్కనుండి చూసుకో" అన్నారు. అమ్మ నాతో ఒకటే చెప్పింది: "నువ్వు క్షమిస్తే నీ ఇష్టం. నా తరఫున మాత్రం మాటివ్వకు."

నాకప్పుడు తేటపడింది. నాన్న మందులకు, మనిషిని పెట్టడానికి డబ్బు నేనిచ్చాను. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులను చూసే బాధ్యత కొడుకుతో పాటు కూతురికీ ఉందని 2007 నాటి చట్టం చెబుతోంది. అన్నం పెట్టమని చట్టం నన్ను శాసించగలదు. క్షమించమని శాసించలేదు.

ఒక సాయంత్రం నాన్ననడిగాను: "ఆ రోజు అమ్మకు చెప్పకన్నావు, గుర్తుందా?" చాలాసేపటికి, తడబడే మాటతో, "చిన్నపిల్లవి, నీచేత దాపించాను" అన్నాడు. ఆ ఒక్కటీ క్షమించాను, అది నాకు జరిగింది కాబట్టి. అమ్మకు జరిగింది అమ్మది. నాన్న పోయాక కూడా ఆమె క్షమించానని అనలేదు. చుట్టాలు ఆమెను కఠినురాలన్నారు. నేననను.

నాన్న వీలునామా రాయలేదు. ఆయన సంపాదించిన ఇల్లు మూడు వాటాలైంది: అమ్మకు, నాకు, ఆనాటి ఉయ్యాల్లోని పిల్లాడికి. చెల్లని పెళ్లికి పుట్టినా వాళ్లు సక్రమ సంతానమేనని హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. సంతకం పెట్టేటప్పుడు నాకు కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు? వాళ్లమ్మకు మాత్రం వాటా లేదు. మొదటి పెళ్లి దాచినవాడు రెండో ఆమెకూ మనోవర్తి ఇవ్వాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ అతను పోయాక ఆమె వారసురాలు కాదు. మోసపోయిన ఆమె ఇవాళ కొడుకు పంచన ఉంది.

అందుకే మీతో ఒక మాట. రాజీకి కూర్చున్నప్పుడు "క్షమిస్తావా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. మనోవర్తి ఎవరిస్తారు? ఇల్లెవరి పేరున ఉంది? మంచం పట్టినవాడికి సేవ ఎవరి నెత్తిన పడబోతోంది? ముందు ఇవి తేల్చండి. రాజీ కాగితంలో బాకీకి బదులు క్షమను రాయనివ్వకండి. అది ఎప్పుడు, ఎంత ఇవ్వాలో, అసలివ్వాలో వద్దో ఆమెకే వదిలేయండి. ఎప్పటికీ ఇవ్వకపోయినా ఆమె పక్కనే నిలబడండి.